మా ఆయన ఇంట్లో నోరు విప్పరు, స్టేజి మీద నా గురించే మాట్లాడతారు. స్టాండప్ వాళ్ళ ఇళ్ళలో ఇది మామూలేనా?

మూడోవరుస_కుర్చీ:

నమస్తే అండీ. ఇక్కడ స్టాండప్ చేసేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు కొందరున్నారని చూసి అడుగుతున్నాను.

మా ఆయన పగలు ఆఫీసుకి వెళ్తారు, రాత్రి ఓపెన్ మైకులు (ఎవరైనా ఎక్కి జోకులు చెప్పి చూసుకునే షోలు) చేస్తారు. ఈమధ్య డబ్బులిచ్చే షోలు కూడా వస్తున్నాయి. పేరున్నవాళ్ళ షోకి ముందు పది నిమిషాలు అన్నమాట. ఇప్పుడు ఉద్యోగం మానేస్తానంటున్నారు.

ఆయన పని మీద నాకు కోపం లేదు. మొదట్లో ప్రతి షోకీ వెళ్ళి అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. కానీ అదే జోకు, అదే చోట గుక్క తిప్పుకోవడం, అదే "అరె, ఇప్పుడే గుర్తొచ్చింది" అన్నట్టు మొహం పెట్టడం. ఎన్నిసార్లని నవ్వను? వెళ్ళడం మానేశాను. ఏ ఒంటిగంటకో ఇంటికొస్తారు. వచ్చి పడుకుంటారా అంటే అదీ లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తనే వింటూ హాల్లో తిరుగుతుంటారు. "ఏమైంది" అంటే "ఏం లేదు". శని ఆదివారాల్లో ఎవరింటికి వెళ్ళాలన్నా నేనొక్కదాన్నే. "మీ ఆయన ఇంట్లో భలే నవ్విస్తుంటాడేమో!" అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో తెలీదు.

అసలు సంగతి ఇది. ఈమధ్య మా ఆడపడుచు ఒక క్లిప్పు పంపింది. అందులో నేనున్నాను. పేరు చెప్పలేదు, "మా ఆవిడ" అన్నారు. మా ఆవిడకి కోపమొస్తే మాట్లాడదు, గిన్నెలు సర్దుతుంది. ఆ చప్పుడుతోనే వాక్యాలు రాస్తుంది. మూత పడితే కామా, కుక్కర్ పడితే ఫుల్‌స్టాప్. ఇదీ జోకు. జనం పగలబడి నవ్వారు. నిజమే, నేనలాగే చేస్తాను. కానీ ఆ గొడవ ఎందుకొచ్చిందో నాకు తెలుసు, ఆ నవ్వినవాళ్ళకి తెలీదు. ఆ రోజు నేనడిగినదానికి ఆయన ఒక్క ముక్క జవాబు చెప్పలేదు. జవాబు స్టేజి మీద చెప్పారు.

అందరిళ్ళలో ఇంతేనా? నా గురించి చెప్పొద్దని అడగొచ్చా, అడిగితే ఆయన పనికి అడ్డుపడినట్టా? ఉద్యోగం మానేస్తే ఇల్లు నడుస్తుందా?

హెక్లర్_నంబర్_వన్:

అక్కా, కుక్కర్ పడితే ఫుల్‌స్టాప్ అన్నది మాత్రం గట్టి జోకు. బావకి నా తరఫున చప్పట్లు. మీరు సీరియస్‌గానే అడిగారు, నాకే ఆగలేదు.

మూడోవరుస_కుర్చీ:

చప్పట్లు ఆయనకి రోజూ దొరుకుతున్నాయి బాబూ. జవాబు నాకు కావాలి.

రెండో_డ్రాఫ్టు:

నేను స్టాండప్ చేస్తానండీ. ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. మా ఆయనకి ఈ గొడవేమీ లేదు, ఆయన మానాన ఆయన ఆఫీసుకి వెళ్ళొస్తారు. అంటే మా ఇంట్లో మీ కుర్చీలో కూర్చున్నది ఆయన. మైకు పట్టుకున్న వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ ఇయర్‌ఫోన్ల సంగతి. ఆయన వినేది జనాన్ని. ప్రతి సెట్టూ, అంటే స్టేజి మీద మేం చెప్పేదంతా, ఫోన్లో రికార్డు చేస్తాం, జేబులో పెట్టుకునో, స్టూలు మీద నీళ్ళ సీసా పక్కన పెట్టో. స్టేజి మీద ఉన్నప్పుడు మన చెవిని నమ్మడానికి లేదు. ముందు వరుసలో ఇద్దరు పగలబడితే చాలు, హాలంతా నవ్వినట్టే ఉంటుంది. ఇంటికొచ్చి వింటే తెలుస్తుంది నవ్వు ఎక్కడ మొదలైందో, అది పూర్తవకుండానే మనమెక్కడ నోరు తెరిచి దాన్ని తొక్కేశామో, ఏ మాట ఎక్కువైందో.

ఒక ఉదాహరణ చెబుతా. నా జోకు ఒకటి "…అని అన్నాడు" అని ముగిసేది. పేలాల్సిన మాట పేలాక ఇంకా రెండు మాటలు మిగిలాయి. జనం మర్యాదస్తులు, వాక్యం అయ్యేదాకా ఆగేవాళ్ళు. ఆగేసరికి నవ్వు చల్లారిపోయేది. తెలుగులో జోకు రాసేవాళ్ళందరికీ ఇదే తలనొప్పి, క్రియ వచ్చి చివర్లో కూర్చుంటుంది. "ఏమన్నాడంటే" అని దాన్ని ముందుకి లాగేసి, పేలే మాట దగ్గర నోరు మూసుకున్నాను. జోకు అదే, మాటలూ అవే, కానీ హాలు లేచింది. ఇది కనిపెట్టింది అర్ధరాత్రి హాల్లో తిరుగుతూ వింటున్నప్పుడే. మీకు విసుగు తెప్పించిన ఆ గుక్క తిప్పుకోవడం కూడా ఇలా రాత్రుళ్ళు కూర్చుని కుదుర్చుకున్నదే. రోజూ కొత్త జోకులు చెబుతామని జనం అనుకుంటారు. ఒక గంట షోకి సరిపడా సరుకు తయారవడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రాసినవాటిలో ఎక్కువ భాగం ఓపెన్ మైకుల్లోనే పోతుంది.

ఇక నిద్ర. షో ఊపు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. బాగా జరిగితే సంతోషంతో పట్టదు, బాంబ్ అయితే, అంటే ఎవరూ నవ్వకపోతే, అవమానంతో పట్టదు. ఆ టైములో ఎవరైనా "ఎలా జరిగింది" అంటే నిజంగానే నోట్లోంచి మాట రాదు. మా ఆయన ఆ ప్రశ్న మర్నాడు కాఫీ దాకా అడగరు. అలా అని ఇంట్లోవాళ్ళతో మాట్లాడకపోవడానికి ఇది సాకు మాత్రం కాదు. మర్నాడు పొద్దున్నయినా నోరు విప్పాలి కదా.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. షోలో వరస ఇలా ఉంటుంది: హోస్టు, తర్వాత ఓపెనర్ (మీ ఆయన ఇప్పుడు చేసేది ఇదే), ఒక్కోసారి మధ్యలో ఇంకొకరు, చివర హెడ్‌లైనర్, అంటే ఆ పేరున్నవాళ్ళు. టికెట్లు తెగేది హెడ్‌లైనర్ పేరు మీద. ఓపెనర్ చేతిలో పడేది దారిఖర్చుకి సరిపోతే గొప్ప. "ఇది నేర్చుకునే చోటు, నీకు స్టేజి ఇస్తున్నాం కదా, ఇంకా డబ్బులేంటి" అనే మాట ఓపెన్ మైకుల్లో ఇప్పటికీ వింటాం. ఈ మాట పాతదే. లాస్ ఏంజెలెస్‌లో కామెడీ స్టోర్ అని పేరుమోసిన క్లబ్బుంది. 1979లో అక్కడ కమెడియన్లు సమ్మె చేశారు. హాలు నిండుతోంది, టికెట్లు అమ్ముతున్నారు, డ్రింకులు అమ్ముతున్నారు, జోకులు చెప్పేవాడికి మాత్రం పైసా లేదు. క్లబ్బు యజమాని మిట్జీ షోర్ వాదన కూడా ఇదే, ఇది వాళ్ళకి కాలేజీ లాంటిదని. తర్వాత టీవీ షోలతో పేరుమోసిన జే లెనో, డేవిడ్ లెటర్‌మన్ అప్పటికి కుర్రాళ్ళు, వాళ్ళూ సమ్మెలో ఉన్నారు. దాదాపు ఆరు వారాలకి సెట్టుకి 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అంత పోట్లాడితే వచ్చింది అదీ.

ఇల్లు నడిపేది కార్పొరేట్ షోలు. దానికి ఇచ్చుకునే మూల్యం వేరే. ఒక కంపెనీ వార్షికోత్సవానికి పిలిచారు. స్క్రిప్టు ముందే పంపమన్నారు, పంపాను. స్టేజి ఎక్కడానికి ఐదు నిమిషాల ముందు ఒకావిడ వచ్చి "జీతాలు, మేనేజర్లు, అప్రైజళ్ళు, లేఆఫులు, ఈ నాలుగూ ముట్టుకోకండి, మిగతాది మీ ఇష్టం" అంది. నా సెట్టంతా ఆ నాలుగే. హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి, జనం గుండ్రబల్లల చుట్టూ కూర్చుని తింటున్నారు, సగంమంది వీపులు నా వైపు. చెంచాల చప్పుడు మధ్య ఇరవై నిమిషాలు గడిపాను. ఆ డబ్బు కోసం నెలల తరబడి మెయిళ్ళు పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ పిలిస్తే వెళ్తారా అని అడగకండి, వెళ్తాను.

అందుకే ఉద్యోగం విషయంలో, షోలొచ్చే నెలలు లెక్కేసుకుని మానకూడదు. రాని నెలలు లెక్కేసుకోవాలి. 2020లో హాళ్ళన్నీ మూసేశాక జూమ్‌లో షోలు చేశాం. అందరూ మ్యూట్‌లో. జోకు చెప్పి, చిన్న చిన్న డబ్బాల్లో ఎవరి పళ్ళు కనిపిస్తున్నాయా అని వెతుక్కున్నాం. జీతం ఉన్నవాళ్ళు ఆ ఏడాది బాగా రాసుకున్నారు, లేనివాళ్ళకి రాయడానికి బుర్ర పనిచేయలేదు. పగటి ఉద్యోగం కళకి శత్రువని కుర్రాళ్ళు అంటుంటారు, నేనొప్పుకోను. ఫిలిస్ డిల్లర్ అని పాతతరం అమెరికన్ కమెడియన్, రేడియో స్టేషన్‌లో ప్రకటనలు రాసుకుంటూ, ఐదుగురు పిల్లల తల్లై, 37 ఏళ్ళ వయసులో 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి స్టేజి ఎక్కింది. ఆవిడ జోకుల కార్డులు 50 వేలకి పైగా ఉన్నాయి, ఉక్కు బీరువా సొరుగుల్లో విషయాలవారీగా సర్దిపెట్టినవి. ఇప్పుడవి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. రాడ్నీ డేంజర్‌ఫీల్డ్ అనే ఇంకో అమెరికన్ కమెడియన్ అయితే మొదటి విడత పొసగక వదిలేసి, ఇల్లు గడవడానికి ఇళ్ళ గోడలకి బిగించే అల్యూమినియం రేకులు అమ్ముకుని, మళ్ళీ నలభైల్లో వచ్చాడు. 1969లో న్యూయార్క్‌లో సొంతంగా క్లబ్బు పెట్టాడు. ఊరూరా తిరక్కుండా పిల్లల దగ్గర ఉండొచ్చని. ఆ కారణం నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న.

అడగొచ్చు. ఆయన పనికేమీ అడ్డుపడినట్టు కాదు. పెళ్ళాం మీదో మొగుడి మీదో జోకులు ఈ పనిలో పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. పైన చెప్పిన డిల్లర్ స్టేజి మీద తిట్టిపోసే మొగుడు "ఫ్యాంగ్" కల్పిత పాత్ర. అది ఒక దారి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళది ఇంకో దారి. సండా క్రూన్‌క్విస్ట్ అనే కమెడియన్ అత్తగారి మీద జోకులు వేస్తే ఆ అత్తగారు కోర్టుకెక్కింది. కోడలి తరఫున వాదించింది ఎవరనుకున్నారు? మొగుడు పనిచేసే లా ఆఫీసు! 2010లో న్యూజెర్సీ ఫెడరల్ జడ్జి ఆ కేసు కొట్టేశారు. ఆ ఇంట్లో తర్వాతి పండక్కి ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తీర్పులో ఉండదు కదా. చట్టప్రకారం చెప్పొచ్చా లేదా అన్నది వేరు, పొద్దున్నే ఒకే సింకు దగ్గర పళ్ళు తోముకోవడం వేరు.

మా ఇంట్లో పద్ధతి ఇది. కొత్త జోకులో ఆయనుంటే స్టేజి ఎక్కేలోపు ఆయనకి చదివి వినిపిస్తాను. ఆయన నవ్వాలని రూలు లేదు (నవ్వరు కూడా, "ఊఁ" అంటారు). వద్దంటే వద్దు, ఎందుకని అడగను. గురక, కారు రివర్స్ చేసేటప్పుడు ఆయన పెట్టే మొహం, వాళ్ళ ఆఫీసు వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ నాకు రాసిచ్చేశారు. ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న కొన్ని నెలలు మాత్రం ముట్టుకోవద్దన్నారు. నా దగ్గర దాని మీద మంచి జోకుంది. చాలా మంచిది. నోటుబుక్కులోనే ఉంది, ఉంటుంది.

ఇంకొకటి, తేలని గొడవ స్టేజి ఎక్కదు. నాకిది అన్నిటికన్నా ముఖ్యం. ఇద్దరి మధ్య ఇంకా నడుస్తున్నదాన్ని రెండొందల మందికి చెప్పడమంటే ఓటింగ్ పెట్టడమే. మైకు ఒకరి చేతిలోనే ఉంటుంది, రెండోవాళ్ళకి ప్రచారం చేసుకునే వీలు లేదు. మీకు నొప్పి కలిగింది కుక్కర్ దగ్గర కాదనుకుంటా. మీరే రాశారు, "జవాబు స్టేజి మీద చెప్పారు" అని. ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఆయనకి చదివి వినిపించండి. రాసేవాడికి వాక్యం అర్థమవుతుంది.

ఒక సంగతి అడుగుతాను. ఆ జోకులో చివరికి ఓడిపోయేది ఎవరు? మీరా, ఆయనా?

మూడోవరుస_కుర్చీ:

మళ్ళీ చూశాను. చివర్లో ఆయన పక్కగదిలో దుప్పటి కప్పుకుని, "ఫుల్‌స్టాప్ పడింది కదా, అయిపోయింది అనుకున్నా… ఫుల్‌స్టాప్ తర్వాత కొత్త పేరా మొదలవుతుందని స్కూల్లో చెప్పలేదు" అంటారు. అంటే ఓడిపోయేది ఆయనే. మొదటిసారి చూసినప్పుడు అంతదాకా చూడలేదు, కుక్కర్ దగ్గరే కట్టేశాను. అయినా నొప్పి నొప్పే.

రెండో_డ్రాఫ్టు:

నొప్పి నొప్పే. ఆయనకి మీ మీద చులకన లేదని మాత్రం తెలిసింది. చులకన ఉంటే ఆ జోకు కుక్కర్ దగ్గరే ఆగేది. ఆ పేరా మాట బాగుంది, నాకు అసూయగా ఉంది.

మంచిమాట_68:

అమ్మా, అర్ధరాత్రి తిరగడం, మాట్లాడకపోవడం… ఇవన్నీ డిప్రెషన్ లక్షణాలు. నవ్వించేవాళ్ళందరూ లోపల ఏడుస్తుంటారు. వెంటనే డాక్టర్‌కి చూపించండి.

వెనక_గోడ:

నేను షోలకి సౌండు, లైట్లు చూస్తానమ్మా. ఎందరినో స్టేజి ఎక్కక ముందూ, దిగాకా చూశాను. నవ్వించేవాళ్ళంతా ఏడుస్తుంటారన్నది సగం సినిమా మాట. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. 523 మంది కమెడియన్లకి ప్రశ్నపత్రాలిచ్చి చూశారు. కొన్ని రకాల మనస్తత్వ లక్షణాలు మామూలువాళ్ళకన్నా వీళ్ళలో ఎక్కువున్నాయన్నారు. ఒకవైపు నలుగురితో కలవలేకపోవడం, ఇంకోవైపు ఉరకలేసే హుషారు, రెండూ ఒకే మనిషిలో. లక్షణం ఉందంటే జబ్బున్నట్టు కాదు. నిజంగా రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోతే, దేని మీదా మనసు లేకపోతే, డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్ళాల్సిందే, కమెడియన్ అయినా కాకపోయినా. షో నుంచి వచ్చి రెండింటిదాకా మేలుకోవడం మాత్రం ఈ పనిలో అందరూ చేసేదే. నేనూ మేలుకునే ఉంటాను, నన్నెవరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళమనలేదు.

నేను చూసినంతలో వీళ్ళకి అసలు ప్రమాదం షో తర్వాతి గంట. పొద్దున్నుంచీ కడుపు మాడ్చుకుని ఉంటారు, షో అవగానే ఎవరో ఒకరు గ్లాసు చేతిలో పెడతారు. వేరే ఊళ్ళో అయితే లాడ్జి గదికి వెళ్ళి ఒక్కడే కూర్చోవాలి. అంతకు ముందే మూడొందల మంది చప్పట్లు కొట్టుంటారు. మీ ఆయన తిన్నగా ఇంటికొచ్చి హాల్లో తిరుగుతున్నారంటే నాకైతే మంచిగానే అనిపిస్తోంది.

మీరు వదిలేసిన విషయం ఒకటుంది. హాల్లో చెప్పింది వేరు, క్లిప్పు వేరు. హాల్లో ఉన్నవాళ్ళు డబ్బిచ్చి లోపలికొచ్చారు, ముందు పదినిమిషాలు ఆయన్ని చూశారు, మనిషెలాంటివాడో వాళ్ళకి అర్థమైంది. క్లిప్పు ముందూ వెనకా లేకుండా నలభై సెకన్లు మీ ఆడపడుచు ఫోన్లోకి వెళ్తుంది. ఈరోజుల్లో చాలామంది రాసుకున్న జోకులు క్లిప్పులుగా పెట్టరు. పెడితే జోకు కాలిపోతుంది, రేపు షోకి వచ్చినవాళ్ళు ముందే వినేసి ఉంటారు. అందుకే ముందు వరుసలో వాళ్ళతో అప్పటికప్పుడు మాట్లాడిన క్రౌడ్‌వర్క్ పెడతారు. మీ ఆయన రాసుకున్న జోకే పెట్టారంటే, అది బాగా పేలింది కాబట్టి పేరొస్తుందనే పెట్టి ఉంటారు. స్టేజికి ఒక పర్మిషను, క్లిప్పుకి వేరే పర్మిషను అని అడగండి. చాలా ఇళ్ళలో గొడవ ఈ రెండోదాని దగ్గరే వస్తుంది.

ఇంకోటి. మీరు మూడో వరుసలో కూర్చునేవారా? నేను వెనక నుంచి ఒక్క నిమిషమే ఉందని లైటు వెలిగిస్తే, సగంమంది ఆ లైటు చూడరు. ఇంట్లోవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో అటే చూస్తుంటారు. మీరు నవ్వకపోయినా ఫరవాలేదు, నెలకోసారి వెళ్ళండి.

మూడోవరుస_కుర్చీ:

అందరికీ థాంక్సండీ. రెండో_డ్రాఫ్టు గారూ, ఆ వాక్యం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ రోజు నేనడిగిన ప్రశ్న మళ్ళీ అడగమన్నారు. అడిగాను, జవాబు చెప్పారు. ఏంటన్నది ఇక్కడ రాయను, స్టేజి మీద కూడా చెప్పనన్నారు.

క్లిప్పు తీసేశారు. ఈపాటికి ఎన్ని గ్రూపుల్లో తిరుగుతోందో తెలీదు. జోకు మాత్రం ఉంచుకుంటానన్నారు, సరే అన్నాను. ఆ పేరా మాట నాకూ నచ్చింది మరి.

ఉద్యోగం సంగతి తేలలేదు. రాని నెలల లెక్క చెప్పాను. ఆరు నెలల ఖర్చులకి సరిపడా బ్యాంకులో పడేదాకా మానొద్దన్నాను. ఆయన నాలుగు చాలంటున్నారు. కార్పొరేట్ షో ఒకటి వచ్చింది, అందులో ఆఫీసు జోకులు వద్దన్నారట, కూర్చుని తల పట్టుకున్నారు.

హెక్లర్_నంబర్_వన్:

అక్కా, ఐదుకి సెటిల్ చేసుకోండి. ఆ షోకి మా ఆఫీసువాళ్ళే పిలిచి ఉంటే మాత్రం మేనేజర్ మీద ఒక్కటైనా వేయమనండి, నేను రెండో బల్ల దగ్గరుంటాను.